డ్యూటీ మారే అరగంటను డ్యూటీగా లెక్కకట్టండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్యవిద్య సంచాలకులకు,



మీ అధీనంలో ఉన్న బోధనాసుపత్రుల్లో రోజూ ఉదయం ఎనిమిదింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి ఎనిమిదింటికి స్టాఫ్ నర్సులు మారతారు. సాయంత్రం యూనిట్ డాక్టర్లు వెళ్లిపోయాక వార్డు డ్యూటీ పీజీ చేతికి వస్తుంది, మర్నాడు పొద్దున మళ్లీ యూనిట్ చేతికి పోతుంది. రోగి మాత్రం అదే మంచం మీద ఉంటాడు. వారం రోజులు వార్డులో ఉన్న మనిషి నర్సుల మధ్యే ఇరవై ఒక్కసారి చేతులు మారతాడు. డాక్టర్ల మధ్య మారేది దీనికి అదనం. క్యాజువాలిటీ నుంచి ఏఎంసీకి (అక్యూట్ మెడికల్ కేర్ విభాగానికి), అక్కణ్నుంచి వార్డుకు, స్కానింగ్ గదికి, థియేటర్‌కు వెళ్లి వచ్చేవి కూడా కలిపితే లెక్క ఇంకా పెరుగుతుంది. ప్రతిసారీ అతని గురించి ఒకరికి తెలిసింది ఇంకొకరికి పూర్తిగా చేరాలి. అది చేరడానికి మనం వేళ కేటాయించామా అన్నదే ఈ లేఖలో నేను మిమ్మల్ని అడగదలచుకున్నది.

నేను జనరల్ మెడిసిన్ వార్డుల్లో పనిచేసి, పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మంచాలు చాలడం లేదని, నర్సులు లేరని, మందులు రావడం లేదని మీకు రోజూ ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. అవన్నీ నిజమే. నేను కోరేది వాటికంటే చవకైనది. డ్యూటీ రోస్టర్‌లో ఒక అరగంట కావాలి. పాత డ్యూటీవాళ్లు, కొత్త డ్యూటీవాళ్లు ఇద్దరూ ఆ అరగంట వార్డులోనే ఉండాలి. అది ఇద్దరికీ పనిగంటల్లో భాగం కావాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానో మన జిల్లాల్లో అందరికీ తెలిసిన జబ్బుతోనే చెబుతాను. పురుగుమందు తాగిన రోగి వస్తాడు. వరంగల్ అయినా గుంటూరు అయినా కర్నూలు అయినా, మెడికల్ వార్డులో పనిచేసినవాళ్లెవరికైనా ఈ కేసు కంఠస్థమే. కంటిపాప సూదిమొనంతై, నోట్లో నురగ కారుతూ, ఛాతీ గురగురలాడుతూ ఉంటుంది. అట్రోపిన్ ఇస్తూ పోతే ఛాతీ శుభ్రపడుతుంది, గుండె వేగం పుంజుకుంటుంది, చంకలో చెమట ఆరుతుంది. అక్కడికి వచ్చేసరికి మొత్తం ఎంత అట్రోపిన్ పట్టిందో చూసి, అందులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా గంటకింత అని డ్రిప్‌లో నడుపుతారు. ఇదంతా పగటి డ్యూటీ పీజీ చేసిన పని. రాత్రి పదకొండింటికి రోగి మంచం మీద పెనుగులాడుతున్నాడు, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతున్నాడు. అప్పుడే వచ్చిన డ్యూటీ డాక్టరు ఏమనుకోవాలి? అట్రోపిన్ ఎక్కువైందా? ఆక్సిజన్ తగ్గిందా? రోజూ తాగే అలవాటున్న మనిషికి మందు ఆగినందువల్ల వచ్చిన వణుకా? ఈ మూడింటికీ వైద్యం వేర్వేరు. పైగా ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి కీడు చేస్తుంది. మొత్తం ఎంత అట్రోపిన్ వెళ్లిందో, డ్రిప్ ఏ వేగంతో నడుస్తోందో, సాయంత్రం కంటిపాప ఎలా ఉందో, పేగుల శబ్దం వినిపించిందో లేదో, తాగుడు అలవాటు ఉందో లేదో తెలిస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి ఇది. తెలియకపోతే చీకట్లో తడుముకోవాలి.

అదే రోగి మూడో రోజుకు తేరుకుంటాడు. కళ్లు తెరుస్తాడు, భార్యతో మాట్లాడతాడు, ఇడ్లీ అడుగుతాడు. అందరూ గండం గడిచిందనుకుంటారు. కానీ ఈ విషంలో ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ఇంకో దెబ్బ పొంచి ఉంటుంది. మెడ కండరాలు, భుజాలు, ఆ తర్వాత శ్వాస కండరాలు నీరసిస్తాయి. అట్రోపిన్ దానికి పనిచేయదు, వెంటిలేటర్ ఒక్కటే దారి. ముందస్తు గుర్తు చాలా చిన్నది. రోగి దిండు మీద నుంచి తల ఎత్తలేడు. సాయంత్రం వెళ్లే పీజీ వచ్చే పీజీతో, “ఇతను మూడో రోజు. గంటకోసారి తల ఎత్తమని చూడు. ఎత్తలేకపోతే ఊపిరి ఆగేదాకా ఆగకు, వెంటనే ఐసీయూకు ఫోన్ చేసి అనస్థీషియా వాళ్లను పిలువు” అని చెప్పాలి. చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ మాట పడకపోతే తెల్లవారుజామున సిస్టర్ చూసేసరికి రోగి నీలంగా మారి ఉంటాడు. కేస్‌షీట్ తిరగేస్తే అందులో తప్పేమీ కనబడదు. ప్రతి ఆర్డరూ సరిగ్గానే రాసి ఉంటుంది.

పాముకాటుదీ ఇదే తీరు. మధ్యాహ్నం నాలుగింటికి విరుగుడు ఇంజక్షన్ మొదటి పది వయల్స్ పూర్తయ్యాయి. రక్తం గడ్డకడుతోందో లేదో ఆరు గంటల తర్వాత గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు ఉంచి మళ్లీ చూడాలి. అంటే రాత్రి పదింటికి. ఎనిమిదింటికే డ్యూటీలు మారిపోయాయి. ఆ పరీక్ష ఇప్పుడు ఎవరిది? ఎవరి పేరునా రాసి లేకపోతే అది ఎవరిదీ కాదు. డెంగీ అయితే మరీ మోసకారి. జ్వరం దిగిన రోజే ప్రమాదపు రోజు. రక్తనాళాల నుంచి నీరు కారడం మొదలయ్యేది అప్పుడే, ఆ ఒకటి రెండు రోజులే కాపలా కాయాలి. “జ్వరం లేదు, బాగుంది” అని చెప్పి వెళ్లిపోతే వచ్చినవాళ్లు ఆ మంచం వైపు చూడరు. “జ్వరం ఇవాళే దిగింది, కడుపునొప్పి అంటున్నాడు, రాత్రి హెమటోక్రిట్ చూడాలి” అంటే మొదట చూసేది ఆ మంచమే.

ఇప్పుడు మన వార్డుల్లో డాక్టర్ల మధ్య ఈ అప్పగింత ఎలా జరుగుతోందో మీకు తెలియనిది కాదు. మెట్లు దిగుతూ ఫోన్‌లో రెండు మాటలు. వాట్సాప్ గ్రూపులో “14 ఓపీ, 22 డీకేఏ, మిగతా ఓకే” అని ఒక మెసేజ్. కొన్నిసార్లు కేస్‌షీట్ ఫొటో, రోగి పేరుతో సహా. రాత్రి డ్యూటీ చేసే పీజీ తన యూనిట్ రోగులనే కాదు, ఎన్నడూ చూడని వేరే యూనిట్ల రోగులనూ చూసుకోవాలి. ఆ పిల్లలను నేను తప్పుపట్టను. ఇరవై నాలుగు గంటలు నిలబడి పనిచేసినవాడికి ఇంకా అరగంట ఉండి అన్నీ విడమరచి చెప్పమనడానికి మన రోస్టర్‌లో ఆ అరగంటే లేదు. అది వాడి నిద్రలోంచి, వాడి భోజనంలోంచి వస్తోంది.

నర్సులు ఈ విషయంలో డాక్టర్ల కంటే ఎంతో ముందున్నారు. వాళ్లకు రిపోర్ట్ బుక్ ఉంది, మంచం మంచానికీ తిరిగి అప్పగించే ఆనవాయితీ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల నాణ్యతా ప్రమాణాల్లో, అంటే 2013లో కేంద్ర ఆరోగ్య శాఖ తెచ్చిన ఎన్‌క్వాస్‌లో, నర్సింగ్ సేవల కింద డ్యూటీ మారినప్పుడల్లా రోగిని అప్పగించే పద్ధతి ఉండాలని స్పష్టంగా ఉంది. ప్రైవేటు ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాలూ ఇదే కోరతాయి. అయినా ఒక విషయం నన్ను బాధపెడుతూ వచ్చింది. డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు ఆక్సిజన్ సిలిండర్లు లెక్కపెట్టి అప్పగిస్తారు. ప్రమాదకర మందుల అల్మారా తాళం అప్పగించి సంతకం తీసుకుంటారు. దుప్పట్ల లెక్క తేలకపోతే ఇంటికి వెళ్లలేరు. ఆ వస్తువులు పోతే జీతంలో కోత పడుతుందన్న భయం వాళ్ల మీద ఉంది. మొత్తం సమయంలో ఎక్కువ భాగం దానికే పోతుంది. మిగిలిన నిమిషాల్లో నలభై మంది రోగుల సంగతి చెప్పుకోవాలి. ఇన్వెంటరీ అప్పగింతకు వేరే వేళ, వేరే మనిషి ఉంటే ఆ నిమిషాలు రోగికి మిగులుతాయి.

అప్పగింత సరిగ్గా లేకపోతే హాని జరుగుతుందన్నది నా ఒక్కడి అభిప్రాయం కాదు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో చేసిన అధ్యయనం 1994లో అచ్చయింది. రోగిని తన సొంత బృందం కాక వేరే బృందం డాక్టరు చూసుకుంటున్న వేళల్లో, నివారించదగిన హాని జరిగే అవకాశం సుమారు ఆరు రెట్లు ఎక్కువని అందులో తేలింది. మన రాత్రి డ్యూటీ పీజీ పరిస్థితి అచ్చంగా ఇదే. అక్కడితో ఆగకుండా అదే ఆసుపత్రివాళ్లు కంప్యూటర్‌లో ఒకే తీరు అప్పగింత పత్రం తయారయ్యే ఏర్పాటు చేశారు. ఆ తేడా చాలావరకు తగ్గిపోయిందని 1998లో ప్రకటించారు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగి భద్రతకు తొమ్మిది ఉపాయాలు ప్రకటించినప్పుడు అప్పగింత వేళ మాట సరిగ్గా చేరడాన్ని వాటిలో ఒకటిగా పెట్టింది.

అన్నిటికంటే గట్టి రుజువు ఐ-పాస్ అనే పద్ధతిది. అమెరికా, కెనడాల్లో పిల్లల వైద్యం నేర్పే 9 ఆసుపత్రుల్లో దాన్ని ప్రవేశపెట్టి, ముందూ వెనకా కలిపి 10,740 అడ్మిషన్లను పరిశీలించారు. ఫలితాలు 2014 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. వైద్యంలో పొరపాట్లు నూరు అడ్మిషన్లకు 24.5 నుంచి 18.8కి తగ్గాయి, అంటే 23 శాతం. నివారించదగిన హాని 30 శాతం తగ్గింది. చెప్పే విషయంలో ఐదు భాగాలు ఉంటాయి. రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడు, క్లుప్తంగా అతని కథేమిటి, ఈ డ్యూటీలో చేయాల్సిన పనులేమిటి, నాలుగోదిగా ఏం జరగవచ్చు, జరిగితే ఏం చేయాలి అన్న రెండూ కలిపి, చివరగా విన్నవాళ్లు తమకేం అర్థమైందో తిరిగి చెప్పడం. నా పురుగుమందు రోగిని ఈ ఐదింటిలో పెట్టి చూడండి. అతన్ని కాపాడేది నాలుగోది. మన కేస్‌షీట్‌లో ఎక్కడా చోటు లేనిదీ అదే. కేస్‌షీట్ జరిగింది చెబుతుంది. జరగబోయేదాన్ని ఊహించగలిగేది పగలంతా ఆ రోగిని చూసిన డాక్టరే, ఆ డాక్టరు నోరు విప్పితే తప్ప అది ఇంకొకరికి తెలియదు.

ఐదోదాన్ని మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. చెప్పింది తిరిగి చెప్పడం చిన్నతనంగా భావిస్తారు, ముఖ్యంగా సీనియర్ చెప్పినప్పుడు జూనియర్ తలూపి ఊరుకుంటాడు. మన రైల్వేలో ఈ మొహమాటం లేదు. స్టేషన్ మాస్టర్ డ్యూటీ దిగేటప్పుడు ఏ లైన్లో ఏ బండి నిలిచి ఉందో, ఏ సిగ్నల్ చెడిందో డైరీలో రాసి సంతకం పెడతాడు. వచ్చినాయన చదివి సంతకం పెట్టాకే బాధ్యత మారుతుంది. పక్క స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకునేటప్పుడు మాటతో సరిపెట్టరు, ప్రైవేట్ నంబర్ చెప్పించుకుని రిజిస్టర్లో రాసుకుంటారు. ఎంత సీనియర్ అయినా ఎవరికీ మినహాయింపు లేదు. ఏఎంసీలో ఆరో నంబరు మంచం మీది మనిషికి అంతకంటే తక్కువ జాగ్రత్త ఎందుకు చాలాలి?

ఐ-పాస్ అధ్యయనంలో ఒక్కో రోగికి పట్టిన సమయం ముందు 2.4 నిమిషాలైతే, తర్వాత 2.5 నిమిషాలు. సమయం దాదాపుగా పెరగలేదు కాబట్టి దీన్ని యథాతథంగా తెచ్చి మన వార్డుల్లో పెట్టేయమని నేను అనను. నలభై మంచాల వార్డులో ఆ లెక్కన వంద నిమిషాలు కావాలి. కింద చాపల మీద ఉన్నవాళ్లు అదనం. ఎవరూ చేయలేరు, చేసినట్టు రాస్తారు. మన రద్దీకి తగ్గట్టు మలచుకోవాలి. ప్రమాదంలో ఉన్న ఆరుగురో ఎనిమిది మందో ఎవరన్నది యూనిట్ చీఫ్ గానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ గానీ సాయంత్రం రౌండ్స్‌లోనే గుర్తించి బోర్డు మీద రాయాలి. వాళ్ల దగ్గర మాత్రం మంచం పక్కనే నిలబడి ఐదు భాగాలూ చెప్పాలి, వినాలి, తిరిగి చెప్పాలి. మిగతావాళ్లకు ఒక్కో లైన్ చాలు. పెండింగ్ పరీక్ష ఏదైనా ఉంటే దాని వేళ, చూడాల్సినవారి పేరు రాస్తే చాలు. అరగంటలో ఇది అవుతుంది. ముందుగా బాగా ఉన్నవాళ్లతో మొదలుపెట్టి, చివరికి వేళ చాలక ప్రమాదంలో ఉన్నవాళ్లను హడావుడిగా ముగించే అలవాటు మాత్రం మానాలి.

అప్పగింత డాక్టర్లది డాక్టర్లకు, నర్సులది నర్సులకు విడివిడిగా జరగడం కూడా నష్టమే. రాత్రంతా రోగి దగ్గర ఉండేది సిస్టర్. “తల ఎత్తలేకపోతే పిలవండి” అన్న మాట ఆమె చెవిన పడకపోతే, పీజీ క్యాజువాలిటీలో కొత్త అడ్మిషన్ల మధ్య ఉన్నప్పుడు ఎవరు చూస్తారు? ప్రమాదంలో ఉన్న రోగుల దగ్గర అప్పగింత జరిగేటప్పుడు ఇద్దరు డాక్టర్లతో పాటు ఆ వార్డు సిస్టర్ కూడా ఉండాలి. డ్యూటీ డాక్టరు వెంటనే రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆమెకు పేరుతో సహా చెప్పి ఉంచాలి. పై డాక్టరుకు ఫోన్ చేసినందుకు ఆమెను కసరుకోరని మీ ఉత్తర్వులోనే రాయండి. ఫోన్లో క్లుప్తంగా చెప్పడానికి ఎస్‌బార్ అనే పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల్లో పుట్టి ఆసుపత్రులకు వచ్చింది. పరిస్థితి, నేపథ్యం, నా అంచనా, నేను కోరేది అన్న వరసలో చెప్పడం. ఆ నాలుగోది మన సిస్టర్లకు నేర్పాలి, నేర్పడమే కాదు, అలా అడిగే హక్కు వాళ్లకు ఉందని డాక్టర్లకూ చెప్పాలి. “సార్, ఒకసారి చూడండి” అనడం వేరు, “సార్, ఇతనికి ట్యూబ్ వేయాల్సి వస్తుందేమో, పది నిమిషాల్లో రండి” అనడం వేరు.

భాష సంగతీ చెప్పాలి. మన కేస్‌షీట్లన్నీ ఇంగ్లిషులోనే. రోగి చెప్పిందీ, ఇంటివాళ్లు చెప్పిందీ తెలుగులోనో ఉర్దూలోనో ఉంటుంది. మంచం పక్క అప్పగింత తెలుగులో జరిగితే రోగి, ఆయన పక్కనున్న కొడుకో కూతురో కూడా వింటారు. “అమ్మకు షుగర్ మందు పొద్దున ఇవ్వలేదండీ” అని దిద్దేది వాళ్లే. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన పీజీలకు తెలుగు కొత్తయితే సిస్టర్ సాయపడుతుంది. అయితే హెచ్‌ఐవీ, ఆత్మహత్యాయత్నం, కుటుంబ కలహం లాంటి సంగతులు మంచం పక్కన చెప్పేవి కావు. వాటిని డ్యూటీ గదిలో చెప్పుకోవాలి. వాట్సాప్ గ్రూపులో అసలే కాదు.

డ్యూటీ గంటలు తగ్గాలని పీజీలు ఏళ్లుగా కోరుతున్నారు. రెసిడెంట్ల నిరంతర డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటరాదని కేంద్రం 1992లోనే రాసింది. అది అమలు కావాల్సిందే. కానీ గంటలు తగ్గే కొద్దీ చేతులు మారడం పెరుగుతుంది. అమెరికాలో 2003లో రెసిడెంట్ల పనివేళలను వారానికి 80 గంటలకు కుదించాక అప్పగింతల సమస్య మీద వాళ్ల దృష్టి ఇంకా ఎక్కువగా పడింది. గంటలు తగ్గించే ఉత్తర్వు ఎప్పుడొచ్చినా దాని వెంటే అప్పగింత పద్ధతీ రావాలి. లేకపోతే అలసిన డాక్టరు పోయి తెలియని డాక్టరు వస్తాడు.

ఆసుపత్రిలో ఎవరైనా చనిపోయి గొడవ జరిగినప్పుడు విచారణ కమిటీ వేస్తారు. రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, ఎన్ని గంటలకు చూశారు, ఏ ఇంజక్షన్ ఇచ్చారు అని అడుగుతారు. ఆ రోగి గురించి ఆ డాక్టరుకు ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పారని ఎవరూ అడగరు. రాత్రి ఉన్నందుకు ఒకరు సస్పెండ్ అవుతారు. మళ్లీ అలాంటిదే ఇంకో వార్డులో జరుగుతుంది. విచారణ నివేదిక నమూనాలో ఈ ఒక్క ప్రశ్న చేర్చండి. మనుషులను ఇరికించడానికి కాదు, దారి ఎక్కడ తెగిందో తెలుసుకోవడానికి.

హౌస్‌సర్జన్లకు ఇది చెప్పి ఊరుకుంటే రాదు, చేయించాలి. ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో 2019 నుంచి రోగితో, బంధువులతో మాట్లాడే తీరు, నైతికత ఒక భాగంగా ఉన్నాయి. తోటి డాక్టరుతో మాట్లాడే తీరునూ అక్కడే నేర్పవచ్చు. ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్‌లో కొన్ని అప్పగింతలు సీనియర్ ఎదుట చేసి సంతకం చేయించుకోవాలన్న నిబంధన పెట్టండి. ఐ-పాస్‌లో ఫలితం వచ్చింది కాగితం పంచినందువల్ల కాదు. శిక్షణ ఇచ్చారు, సీనియర్లు పక్కన నిలబడి గమనించి లోపాలు చెప్పారు. మన ప్రొఫెసర్లు నెలలో కొన్ని సాయంత్రాలు డ్యూటీ మారే వేళకు వార్డులో నిలబడితే, పీజీలు దాన్ని ముఖ్యమైన పనిగా చూస్తారు. ఇది మాత్రం ఉత్తర్వులతో కాక మా తరంవాళ్ల పట్టింపుతోనే జరగాలి.

కంప్యూటర్లు వచ్చాయి కదా, సాఫ్ట్‌వేర్ పెడదామని ఎవరో మీ బల్ల మీద ప్రతిపాదన పెట్టే ఉంటారు. పెట్టండి, కాదనను. కానీ ముందు మనుషులు కలుసుకునే వేళ పెట్టండి. స్క్రీన్ మీద కనబడేదాన్ని ఎవరూ ప్రశ్నించరు. ఎదురుగా నిలబడినవాణ్ణి “నిన్నటి పొటాషియం ఎంత?” అని అడగవచ్చు.

మొదలుపెట్టడానికి అన్ని వార్డులూ అక్కర్లేదు. ప్రతి బోధనాసుపత్రిలో ఏఎంసీ, లేబర్ రూమ్, పిల్లల ఐసీయూ చాలు. ఆరు నెలలు అక్కడ నడిపి, పద్ధతిలో ఏది కుదిరిందో ఏది కుదరలేదో చూసి మిగతావాటికి తీసుకెళ్లండి. రోస్టర్ రాసేముందు నర్సింగ్ సూపరింటెండెంట్లను, పీజీలను, హౌస్‌సర్జన్లను ఒకచోట కూర్చోబెట్టి వినండి. రాత్రి ఎనిమిదింటికి దిగాల్సిన సిస్టర్ ఎనిమిదిన్నరకు దిగితే ఇంటికి బస్సు దొరకకపోవచ్చు. ఆ అరగంట ఆమె మీద కొత్త భారం కాకూడదు. కొత్త డ్యూటీవాళ్లను ఏడున్నరకు రమ్మని ఆ అరగంట వాళ్ల పనిగంటల్లో కలపాలో, పాతవాళ్లను ఆపి రవాణా ఏర్పాటు చేయాలో వాళ్లే చెబుతారు. ఆసుపత్రిని బట్టి జవాబు మారవచ్చు. ఒకే పేజీ అప్పగింత పత్రం ముసాయిదా నా దగ్గర ఉంది, అడిగితే పంపుతాను. దాన్ని వార్డులో వాడేవాళ్లు దిద్ది మార్చుకుంటేనే బాగుంటుంది.

మీ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు,
ఒక విశ్రాంత వైద్యాచార్యుడు